చెడగొట్టడానికి ఇంత బట్ట

ఒకచోట కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. అన్నం కూడా నిలబడే తినేదాన్ని. అమ్మ తిడుతుంటే ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని వాకిట్లోకి పోయేదాన్ని. అట్లాంటి నన్ను తీసుకుపోయి కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు. ఆ పనికి నాకంటే పనికిరాని మనిషి హైదరాబాదు లాల్‌దర్వాజా మొత్తంలో దొరకదని అప్పుడు ఎవరైనా అంటే నేనే ఒప్పుకునేదాన్ని.

కానీ వేరే దారి లేదు. నాన్న పాల వ్యాపారం నాన్నతోనే పోయింది. ఆయన పోయాక బర్రెలు ఒకటొకటిగా అమ్ముడుపోయి కొట్టం ఖాళీ అయింది. నాకు చిన్నప్పుడే పెళ్లి చేశారు గానీ, నేను కాపురానికి పోకముందే ఆ పిల్లవాడు జ్వరంతో చనిపోయాడు. ఇక మిగిలింది అమ్మా, నేనూ. అమ్మ ఇరుగుపొరుగు కొట్టాల్లో పేడ ఎత్తి, పిడకలు చేసి అమ్మేది. నేనూ ఆమెతోపాటే గోడలకు పిడకలు కొట్టేదాన్ని. ఎంత తోమి కడిగినా చేతుల వాసన పోయేది కాదు. ఆ వాసన సంగతి అట్లా ఉంచితే, నేనూ ఈ గోడల పక్కనే ముసలిదాన్ని అయిపోతానేమోనన్న ఆలోచన నన్ను ఎక్కువ కాల్చుకు తినేది.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. ఊళ్లో ఏదీ ఉన్న ధరలో లేదు. మా గల్లీలో ఒక బడిపంతులు భార్య ఉండేది, అందరమూ పంతులమ్మ అనేవాళ్లం. ఆమె ఊరికే ఉండే మనిషి కాదు. నలుగురు ఆడవాళ్లను కూడగట్టి ఒక సంఘం పెట్టింది. ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పింది. పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక్క పిడికెడు తీసి వేరే ముంతలో వేయండి, శనివారం మేమొచ్చి తీసుకుపోతాం, ఆ బియ్యం అమ్మి ఆసరా లేని ఆడపిల్లలకు కుట్టు నేర్పిస్తాం అని. పిడికెడు బియ్యానికి ఎవరు కాదంటారు? అందుకు ఇంట్లో మగవాళ్లను అడగాల్సిన పని కూడా లేదు. గయ్యాళి అత్తలు సైతం సరేనన్నారు.

శనివారం వస్తే పంతులమ్మ ఇంటి ముందర గదిలో గోనెసంచి నోరు తెరిచి పెట్టేవాళ్లు. ఇంటింటి ముంతా అందులో కుమ్మరించేవాళ్లు. ఎవరి బియ్యం వాళ్లదిగా వేరే ఉంచుదామని కొందరన్నారు గానీ పంతులమ్మ వినలేదు. అందరిదీ ఒకటే సంచి అన్నది. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు, పాతవి, కొత్తవి అన్నీ కలిసిపోయేవి. వండితే కొన్ని మెత్తబడి కొన్ని పలుకుగా ఉండేవి కాబట్టి తినడానికి ఎవరూ కొనరు. పిండి పట్టించుకునే ఒక దుకాణంవాడు అయిష్టంగా ముక్కుతూ మూలుగుతూ తీసుకునేవాడు. ఆ వచ్చినదాంతోనే మిషను కిరాయి, నేర్పే ఆమెకు జీతం. ఆ మిషను ముందే నన్నూ ఇంకొందరు పిల్లల్నీ కూర్చోబెట్టారు.

నేర్పే ఆమెను పిన్నీ అన్నట్టు ఖాలా అనేవాళ్లం. పెద్ద మనిషి. పెద్ద పెద్ద దేవిడీల్లో, అంటే నవాబుల ఇళ్లల్లో, జనానాకు బట్టలు కుట్టి బతికింది. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు పరదా దాటి బయటికి రారు, మగ దర్జీ లోపలికి పోడు. పాత కుర్తా ఒకటి పంపితే దాన్ని చూసి దర్జీ కుట్టి పంపేవాడు, అది ఒంటికి సరిపోతే అదృష్టం. లోపలికి పోయి కొలత తీసుకుని, అక్కడే బట్ట కత్తిరించే ఆడమనిషి దొరికితే మాత్రం ఆమెకు పనికి కొదవ ఉండదు. ఖాలాకు అప్పటికే చూపు మందగిస్తోంది. ఒకరోజు మాతో చెప్పింది.

"దేఖో బేటీ, ఒచ్చే రంజాన్‌కు దేవిడీల మస్తు పని ఉంటది. నా కండ్లు కనిపిస్తలేవు. మీల ఎవ్వలకు కైంచీ పట్టుడు మంచిగొస్తె ఆళ్లను తోలుకపోత. ఒక్కల్నే. కుట్టుడు కాదు, కుట్టుడు అందరికొస్తది. కత్తిరించుడు రావాలె."

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు, అన్నం సహించలేదు. ఆ ఒక్కరు నేనే కావాలి. పిడకల గోడనుంచి బయటపడే తోవ నాకు ఒకటే కనిపించింది, అది ఆ దేవిడీ తలుపు.

తీరా చూస్తే కత్తెర చేతికే రాలేదు. కారణం మా గల్లీ దాతలే. బియ్యం ఇచ్చిన ప్రతి ఇంటికీ నా మీద హక్కు ఉండేది. పొద్దున మిషను దగ్గరికి పోయేసరికే గడపలో ఎవరో ఒకరు మూటతో నిలబడి ఉండేవాళ్లు. చిరిగిన రవిక, ఊడిన గుండీ, పరుపుకు గలేబు. కిరాణా దుకాణం ఆమె అయితే మరీ. ఆమె ముంత పెద్దది, అందుకే ఆమె మూట కూడా పెద్దది.

"ఏమే పిల్లా, మా బియ్యం తోటే గద మిషను తొక్కుతున్నవ్. గీ నాలుగు రవికెలు జర కుట్టియ్యరాదు?"

"నేర్చుకుంటున్న గద అమ్మా, ఇంక చేతగాదు," అనేదాన్ని.

"గిట్ల కుడితెనే గద చేతనయ్యేది!"

తిట్టుకుంటూ కుట్టేదాన్ని. చినుగు మీద చినుగు, గుండీ మీద గుండీ. నేరుగా కుట్టు వేయడంలో నా చెయ్యి గట్టిపడింది గానీ కొత్త గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీసి కత్తెర ఆడించే యోగం మాత్రం పట్టలేదు. పట్టదు కూడా. బట్టకు అప్పుడు కంట్రోలు వచ్చింది. దుకాణం ముందు పొద్దంతా నిలబడితే దొరికే ముక్కను తెచ్చి, నేర్చుకునే పిల్ల ముందు పడేసి, చెడగొట్టుకోవే తల్లీ అని ఎవరంటారు? పాత అఖబారు కాగితాల మీద కత్తిరించమన్నది ఖాలా. కాగితం సాగదు, జారదు, చేతికి ఏమీ నేర్పదు. పైగా కాగితం కూడా సులువుగా దొరికేది కాదు.

నాకు ఒళ్లు మండింది. ఒక శనివారం, గదినిండా ఆడవాళ్లు ముంతలు కుమ్మరిస్తున్నప్పుడు, మిషను ముందునుంచి లేచి నిలబడ్డాను.

"బియ్యం సాలు పంతులమ్మా," అన్నాను. "నాకు బట్ట గావాలె. చెడగొట్టనీకి ఇంత బట్ట గావాలె."

గది ఒక్కసారి గొల్లుమన్నది. దుకాణం ఆమె చేతిలో ముంత పట్టుకునే నోరు విప్పింది.

"చెడగొట్టనీకా! కట్టుకోనీకి బట్ట లేక జనం సస్తుంటే దీనికి చెడగొట్టనీకి గావాల్నట! ఏం షోకే!"

"చెడగొట్టకుంట కత్తిరించుడు ఎవ్వలకొచ్చింది? నీకొచ్చిందా?" అని నేనన్నాను. అమ్మ నా కొంగు పట్టి లాగింది. పంతులమ్మ రెండు చేతులూ ఎత్తి అందరినీ ఊరుకోమన్నది గానీ, బట్ట సంగతి ఆమె దగ్గరా లేదు. ఆమె ముఖంలోనే తెలిసిపోయింది.

అప్పుడు తలుపు బయటినుంచి ఒక గొంతు వినిపించింది.

"నా తాన ఉన్నై బట్టలు."

మా గల్లీ చాకలామె. గడప అవతల నిలబడింది, ఎప్పుడూ అక్కడే నిలబడుతుంది. మూటలు తెచ్చి గడప మీద పెట్టేది, మూటలు గడప మీదనుంచే తీసుకునేది. పొద్దుగూకాక ఇల్లిల్లూ తిరిగి అన్నం పెట్టించుకుపోయేది, అది ఆమె పనికి ముట్టే కూలి. సంఘం మొదలైన నాటినుంచి ఆమె కూడా ప్రతి శనివారమూ పిడికెళ్ల బియ్యం తెచ్చి సంచిలో పోసేది. అన్నం మా ఇళ్లనుంచి తీసుకుపోయే మనిషి పచ్చి బియ్యం ఎక్కడ తెస్తున్నది, కొని తెస్తున్నదా, ఎందుకు తెస్తున్నది అని ఎవరమూ అడగలేదు. బియ్యానికి అంటు లేదు కాబట్టి సంచిలో పోయించుకున్నాం.

"మీ ఇండ్లల్ల సచ్చినోళ్ల బట్టలు నాకే గద ఇస్తరు," అన్నది. "చీరెలు, ధోతులు సందుగ నిండ ఉన్నై. అమ్ముకుంట, కట్టుకుంట. కత్తిరించుకోనీకి గావాల్నంటె ఇస్త. కని నా బిడ్డను గూడ మిషను కాడ కూసోబెట్టాలె."

ఆమె బిడ్డ వెనకే ఉంది. నా ఈడుదే. ఇన్నేళ్లూ మా ఇంటి బట్టలు మోసిన పిల్లే అయినా, నేను ఆమె ముఖంలోకి సరిగ్గా చూసింది అదే మొదలు.

"చాకలోళ్ల పిల్ల మా పిల్లలతోని ఒక్క చాప మీద కూసుంటదా?" అన్నది దుకాణం ఆమె.

"నా పిడికెడు సంచిల పోసినప్పుడు గిది చాకలోళ్లదని ఎవ్వలు పక్కకు తియ్యలేదు గద అమ్మా?"

ఆమె గొంతు పెంచలేదు. మామూలుగా, మూటలో ఎన్ని బట్టలున్నాయో ఒప్పజెప్పినట్టే అన్నది. నేను ఆమె పక్షాన అరిచాను. కూర్చోబెట్టాలె, ఎందుకు కూర్చోబెట్టరు అన్నాను. అది నా మంచితనమని ఎవరూ అనుకోవద్దు. నాకు బట్ట కావాలి. బట్ట కోసం ఎవరిని పక్కన కూర్చోబెట్టమన్నా ఆ రోజు కూర్చోబెట్టించేదాన్ని.

పంతులమ్మ సంచి వైపు చూసింది. ఆ సంచిలోనుంచి ఒకరి బియ్యం వేరు చేయడం ఇప్పుడు దేవుడి తరం కూడా కాదు.

"రేపటికెల్లి పంపు," అన్నది.

తరువాతి శనివారం కొన్ని ముంతలు రాలేదు. దుకాణం ఆమె ముంత అసలే రాలేదు. పంతులమ్మ మాత్రం మళ్లీ ఇల్లిల్లూ ఎక్కి దిగింది.

చచ్చినవాళ్ల బట్టల మీద పని మొదలైంది. మిగతా పిల్లలు మేం ముట్టుకోం అన్నారు. నాకూ భయం లేదని అబద్ధం చెప్పను. ఏ చీర ఎవరిదో నాకు తెలుసు. ఈ నల్లంచుది మూలమీది ఇంటి ముసలమ్మది, నన్ను చూస్తే చాలు తిట్లు అందుకునేది. ఆ గళ్లది పురిట్లో పోయిన కొత్త కోడలిది, దాని మీద పసుపు మరకలు ఇంకా పోలేదు. కత్తెర పెట్టేముందు లోపల్లోపల దండం పెట్టుకునేదాన్ని. సాయంత్రం ఇంటికి వస్తే అమ్మ వాకిట్లోనే బిందె పెట్టి నిలబడి ఉండేది. తలమీద నీళ్లు పోసుకున్నాకే లోపలికి రానిచ్చేది.

"నీకేం పోయేకాలం వచ్చిందే! సచ్చినోళ్ల గుడ్డలతోని ఆటలా?" అని గొణుగుతూ నీళ్లు కుమ్మరించేది. నాన్న పోయిన ఇంట్లోకి మళ్లీ ఆ మైల రావొద్దని ఆమె బాధ. అది అర్థమయ్యేది, అయినా విసుక్కునేదాన్ని.

చాకలామె బిడ్డకు ఈ భయాలేవీ లేవు. ఆమెకు చచ్చినవాళ్ల చీర కూడా చీరే. బట్ట పరిచి, అరచేత్తో సాపుచేసి, కొలత వేసి, మళ్లీ కొలత వేసి, నోట్లో సుద్దముక్క పెట్టుకుని కాసేపు ఊరకే చూసేది. నాకు ఆ చూడటం భరించలేనంత చిరాకు. ఆమె చూస్తుండగానే నేను ఒక రవిక కత్తిరించి, పాడుచేసి, ఇంకో ముక్క అందుకునేదాన్ని.

"ఇత్తా జల్దీ కాయకు గే?" అనేది ఖాలా నాతో, ఎందుకింత తొందర అని. "బట్టేమన్న పారిపోతదా?"

బట్ట పారిపోదు. రంజాన్ మాత్రం దగ్గరికొస్తోంది, ఆ సంగతి ఎవరికీ పట్టదే అని నాకు మంట.

చివరికి ఒకరోజు ఖాలా దేవిడీనుంచి తెల్లని కొత్త మల్లుగుడ్డ తెచ్చింది. రెండు ముక్కలు. నౌకర్ల పిల్లలకు కుర్తాలట, తప్పుపోయినా ఎవరూ ఉరి తీయరట. నాకొకటి, చాకలామె బిడ్డకొకటి ఇచ్చింది. కొత్తబట్ట వాసన, గంజి పట్టు, చేతికింద కరకరలాడింది. నాలుగు మడతలు వేశాను. గీతలు గీశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చాకలామె బిడ్డ ఇంకా కొలతలోనే ఉందని ఓరగా చూసి, ముందర ముగించి చూపించాలని మెడ దగ్గర కత్తెర పెట్టి ఒక్క ఊపున కోశాను.

విప్పి చూస్తే ముందు మెడతోపాటు వెనక మెడ కూడా అంతే లోతుగా తెగిపోయింది. కుర్తాకు మెడ ముందర దిగుతుంది, వెనక దిగదు. ముందు పొరను వేరుగా తీసి కోయాలి. అది నాకు తెలుసు. తెలిసీ మడత మొత్తం కోసేశాను. తొడిగితే ఆ కుర్తా పిల్లవాడి వీపుమీద జారిపోతుంది.

చాకలామె బిడ్డ కుర్తాను ఖాలా వేళ్లతో తడిమి చూసింది, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తరువాత ఆ పిల్ల తలమీద చెయ్యి వేసింది. దేవిడీకి పోయే ఆ ఒక్కరు ఆ పిల్లే.

ఆ రోజు నేను ఇంటికెట్లా వచ్చానో తెలియదు. అమ్మ పోసిన నీళ్లు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో తెలియదు. ఎవరిమీద కోపం రావాలో తేలక అందరిమీదా వచ్చింది. నేను అరిచి కూర్చోబెట్టించిన పిల్ల నా పని తన్నుకుపోయింది కదా అని ఏడ్చాను. మళ్లీ ఆ కుర్తా మెడ గుర్తొచ్చి నా చేతులమీదే కోపం వచ్చి ఏడ్చాను. పొద్దున లేచి ఎవరికీ చెప్పకుండా అమ్మకంటే ముందే పేడతట్ట ఎత్తుకుపోయాను.

గల్లీకి వార్త తెలిసింది. దుకాణం ఆమె పంతులమ్మ వాకిట్లో నిలబడి నలుగురూ వినేటట్టు అడిగింది. "గిందుకేనా మేం బియ్యం ఇచ్చింది? చాకలోళ్ల పిల్లను దేవిడీకి తోలనీకా?" పంతులమ్మ ఏం జవాబు చెప్పిందో నేను ఉండి వినలేదు. ఖాలా దేవిడీ పనిలో పడటంతో నేర్పడం ఆగిపోయింది. మిషను గుడ్డ కప్పుకుని ఆ ముందర గదిలోనే ఉంది.

నెలవంక కనబడి రంజాన్ ఉపవాసాలు మొదలైన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం చాకలామె బిడ్డ మా వాకిట్లోకి వచ్చింది. నెత్తిమీద మూట. మా మాసిన బట్టలకు వచ్చిందనుకుని నేను పిడకల దగ్గరనుంచి లేవలేదు.

"గీ మూట తీస్కో. కుట్టాలె," అన్నది.

మూట విప్పింది. కత్తిరించిన ముక్కలు, కుర్తాలు, చోలీలు, ఒకదానికొకటి జతచేసి దారంతో కట్టి ఉన్నాయి. దేవిడీలో తాను కత్తిరిస్తుంటే కుట్టడానికి మనిషి చాలడం లేదట. "నీ కుట్టు నేరుగా పోతదని ఖాలాకు నేనే చెప్పిన, కూలి నీ చేతికే ఇస్తరు, పంతులమ్మ ఇంట్ల మిషను ఖాళీగనే ఉన్నది గద," అన్నది.

అమ్మ లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "మా పిల్ల మీ చేతికింద పని చెయ్యాల్నా?" అన్నది.

ఆ పిల్ల నా వైపే చూసింది, బట్ట వైపు చూసినట్టు, తొందర లేకుండా. నేను పేడచేతులు కడుక్కుని వచ్చాను. ఒక కుర్తా ముక్క ఎత్తి చూశాను. మెడ ఎంత బాగా దిగిందంటే, దాన్ని చూస్తుంటే నాకు కోపం నిలవలేదు. ఆశ పుట్టింది. ఆశ పుడితే నేను నోరు ఆపుకోలేను.

"కుడుత," అన్నాను. "కని నాకు గీ మెడ కోసుడు నేర్పాలె నువ్వు."

"నేర్పుత. బట్టేది? అమ్మ తాన ఉన్నయన్ని అయిపోయినై. నువ్వే సగం చెడగొట్టినవ్ గద."

నిజమే. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ఇంట్లో కట్టుకున్నవి తప్ప గుడ్డపేలిక లేదు. నేను మూట ముడి వేస్తుంటే, అమ్మ గుమ్మంలోనుంచి లోపలికి పోయింది. కోపంతో పోయిందనుకున్నాను. పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. కాసేపటికి మడతపెట్టిన ఒక ధోతి తెచ్చి మా మధ్య పెట్టింది.

నాన్నది. అట్లాంటిది ఒకటి ఇంట్లో ఉందని నాకు తెలియదు.

"మీ అమ్మకియ్యాల్సింది," అన్నది అమ్మ ఆ పిల్లతో, తల ఎత్తకుండా. "అప్పుడు ఇయ్య బుద్ధిగాలె. దాసుకున్న."

"ఎరికే," అన్నది ఆ పిల్ల. "మా అమ్మ గప్పుడే అన్నది, మూటల ఒక ధోతి తక్కువున్నదని. అడగొద్దన్నది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిలవకుండానే ఆ పిల్ల అరుగుమీద నా పక్కన కూర్చుని ధోతి పరిచింది, నాలుగు మడతలు వేసింది, ముందు పొర వేరు చేసి పట్టుకుని కత్తెర నా చేతిలో పెట్టింది. నేను అమ్మ వైపు చూడలేదు. కోశాను. సగం దాకా బాగానే పోయి, అక్కడ కళ్లు మసకబారి గీత తప్పి వంకర తిరిగింది.

నేను కత్తెర కింద పెట్టబోతుంటే వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది.

"పోనియ్యి బిడ్డా. ఇంక శాన ఉన్నది బట్ట. మల్ల కొయ్యి."